నడుమ నిప్పు - చుట్టును విందు

చైనా దేశపు రాజధానియగు బీజింగు నగరమున శీతకాలము మిక్కిలి కఠినమైనది. రాత్రులయందు నీరు గడ్డకట్టును. అట్టి చలిలో అచటి ప్రజలు, మరుగుచున్న రాగిపాత్ర చుట్టును చేరి, ఎవరి మాంసమును వారే ఉడికించుకొని భుజింతురు. ఈ విందునకు పేరుగాంచిన భోజనశాలలలో ‘డాంగ్‌లైషున్’ ఒకటి.

1903వ సంవత్సరమున డింగ్ దెషాన్ అను నిరుపేద డాంగాన్ అను విపణివీథిలో చిన్న అంగడి పెట్టెను. 1912లో సైనికులు తిరుగుబాటు చేయగా ఆ విపణి తగులబడెను. ఆతని అంగడియు బూడిదయయ్యెను. అయినను ఆతడు ధైర్యము వీడలేదు. మరల భోజనశాలను నిలిపి, 1914లో ఈ గొఱ్ఱెమాంసపు విందును ప్రారంభించెను. సర్వస్వమును హరించిన నిప్పే పిమ్మట ఆతనికి జీవనాధారమయ్యెను.

స్నానమునకు నీరు కాచెడి రాగి బాయిలరును చూచినవారికి ఈ పాత్ర నిర్మాణము సులభముగా బోధపడును. నడుమ పొగగొట్టము, దాని అడుగున బొగ్గులు, చుట్టును నీరు ఉండును. వేడెక్కిన గాలి తేలికయై గొట్టముగుండ పైకి పోవును. ఆ చోటిలోనికి క్రిందినుండి క్రొత్తగాలి వచ్చి నిప్పును రగుల్చును. విసరువారితో పనిలేదు. గొట్టముపై మూత నుంచినచో గాలి తగ్గి, మంట అణగును.

మాంసమును కాగితమువలె పలుచగా కోయుదురు. అందువలన వేడి క్షణములో లోపలివరకు ప్రాకును. భోక్తలు ముక్కను రెండు పుల్లలతో పట్టి నీట ముంచి, రంగు మారగనే తీసి, నువ్వుల ముద్దతో చేసిన పచ్చడిలో అద్దుకొని తిందురు. తొందరపడి ముక్కలన్నియు ఒక్కమారే వేసినచో నీరు చల్లబడును. ఎవరి ముక్కయు చక్కగా ఉడుకదు. కావున ఈ విందున ఓర్పు ఒక మర్యాద మాత్రమే కాదు, అవసరము కూడ.

ఒక హెచ్చరిక మఱవరాదు. కాలుచున్న బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. అందుచే భోజనశాలలో గాలి ధారాళముగా ఆడుచుండవలెను. మన కుంపటికిని ఇదే నియమము. తలుపులు మూసిన గదిలో కుంపటి నుంచుకొని నిద్రించుట ప్రాణాంతకము.

2008లో చైనా ప్రభుత్వము డాంగ్‌లైషున్ వారి ఈ పాకవిధానమును జాతీయ సాంస్కృతిక వారసత్వ సంపదల పట్టికలో చేర్చినది. నిప్పును అదుపున నుంచుట, వంతుకై వేచియుండుట, ఉన్నదానిని పదుగురితో పంచుకొనుట - ఈ మూడును ఆ పాత్ర చుట్టును కూర్చున్నవారికి అలవడుచుండును.