కోత లేకుండా కాలేయపు గడ్డకు చికిత్స



"లివరులో గడ్డ ఉంది" అని డాక్టరుగారు చెప్పిన రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తుంది. కొడుకు ఉన్న ఎకరం ఎవరికి అమ్మాలా అని ఆలోచిస్తాడు. తెల్లవారేసరికి చుట్టాలు వచ్చి, "కత్తి తగిలితే ఆ జబ్బు ఒళ్ళంతా పాకుతుందట, ఇంటికి తీసుకుపోదాం అక్కా" అంటారు. ఈ భయం చేతనే కొందరు చికిత్సకు వీలైన రోజులను పోగొట్టుకుంటున్నారు. అయితే ప్రతి గడ్డకూ పొట్ట కోయనక్కరలేదు. గడ్డ చిన్నదైతే సూదితోనే దానిని కాల్చివేసే పద్ధతి ఉంది. దీనిని వైద్యులు అబ్లేషన్ అంటారు.

గడ్డ ఎందుకు వస్తుంది?

కాలేయం కుడివైపు పక్కటెముకల క్రింద ఉంటుంది. ఎంత దెబ్బతిన్నా చాలాకాలం మూలగకుండా పని చేసే అవయవం ఇది. గనుక నొప్పి తెలిసేసరికి ఆలస్యమైపోవచ్చు. కాలేయంలో కనబడే ప్రతి గడ్డా కేన్సరు కాదు. హాని చేయనివి కూడా ఉంటాయి. కేన్సరు ఎక్కువగా అంతకుముందే పాడైన కాలేయంలో పుడుతుంది. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి అనే వైరసులు, సారా, కాలేయానికి కొవ్వు పట్టడం ఇందుకు ముఖ్య కారణాలు. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నలలో ఉండే అఫ్లటాక్సిన్ అనే విషం కూడా ఒక కారణం. ఏళ్ళ తరబడి దెబ్బతిన్న కాలేయం గట్టిపడి ముడులు ముడులుగా మారడాన్ని సిర్రోసిస్ అంటారు. మరికొందరికి పెద్దపేగు వంటి వేరే చోట పుట్టిన కేన్సరు కాలేయానికి వస్తుంది.

సూది ఏమి చేస్తుంది?

1980లలో జపాను వైద్యులు గడ్డలోకి సూదితో ఆల్కహాలు ఎక్కించి దానిని చంపే పద్ధతి వాడారు. 1990లో అమెరికాలోను ఇటలీలోను వైద్యులు వేరువేరుగా, రేడియో తరంగాల కరెంటుతో కాలేయంలో అనుకున్న మేర కాల్చవచ్చునని చూపించారు.

రోగికి మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండు లేక సీటీ స్కాను చూస్తూ, చర్మం మీద చిన్న గాటు గుండా సన్నని సూదిని గడ్డ మధ్యకు పంపుతారు. కరెంటు తిరిగి వెళ్ళడానికి తొడలకు పట్టీలు అంటిస్తారు. సూది కొన దగ్గర వేడి పుట్టి 60 డిగ్రీలు దాటగానే, ఉడికిన గుడ్డులో తెల్లసొన గడ్డకట్టినట్టు కేన్సరు కణాలు గడ్డకట్టి చస్తాయి. కంటికి కనబడని వేళ్ళు మిగలకుండా చుట్టూ అర సెంటీమీటరు నుండి ఒక సెంటీమీటరు వరకు మంచి భాగాన్ని కూడా కాలుస్తారు. మైక్రోవేవ్ అబ్లేషన్ అనే పద్ధతిలో వేడి ఇంకా త్వరగా పుడుతుంది.

ఎవరికి పనికివస్తుంది?

3 సెంటీమీటర్లకు మించని గడ్డ ఒకటి గాని, అటువంటివి మూడు వరకు గాని ఉన్నవారికి ఇది బాగా పనికివస్తుంది. 2 సెంటీమీటర్ల లోపు గడ్డ విషయంలో ఫలితం ఆపరేషనుకు దగ్గరగా ఉంటుంది. గడ్డ పెద్దదైతే, పెద్ద రక్తనాళంలోకి పాకితే, కడుపులో నీరు చేరి తగ్గకపోతే ఈ చికిత్స సాధారణంగా చేయరు. గడ్డ పెద్ద రక్తనాళాన్ని ఆనుకొని ఉంటే పారే రక్తం వేడిని లాగివేస్తుంది. కొన్ని కణాలు బ్రతికిపోవచ్చు. అందుచేత కొందరికి ఆపరేషను, మరికొందరికి కాలేయ మార్పిడి మేలు. ఏది మేలో అన్నిటినీ చేసే పెద్ద ఆసుపత్రిలో అడగాలి.

చాలామంది ఒకటి రెండు రోజులలో ఇల్లు చేరతారు. కొద్దిరోజులు నొప్పి, స్వల్ప జ్వరం ఉండవచ్చు. రక్తస్రావం, చీము పట్టడం, పిత్తనాళానికి దెబ్బ తగలడం అరుదుగా జరుగుతాయి. చలితో జ్వరం పెరిగినా, పొట్ట ఉబ్బినా, కళ్ళు తిరిగినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

మరచిపోకూడని సంగతి

సూది ఆ గడ్డను చంపుతుంది గాని పాడైన కాలేయాన్ని బాగు చేయదు. మరో చోట కొత్త గడ్డ రావచ్చు. అందుకే నెల తరువాత స్కాను చేసి పూర్తిగా కాలిందో లేదో చూస్తారు. ఆ తరువాత కూడా కొన్ని నెలలకొకసారి పిలుస్తారు. "నాన్నకు నయమైపోయింది, మళ్ళీ ఎందుకు?" అని మానివేసినవారే నష్టపోతారు. కొత్తది చిన్నగా ఉండగా దొరికితే దానినీ కాల్చవచ్చు.

సిర్రోసిస్ ఉన్నవారు ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండు చేయించుకోవాలి. హెపటైటిస్ బి ఉన్నవారు తమకూ అది అవసరమా అని డాక్టరును అడగాలి. నొప్పిలేని చిన్న గడ్డ దొరికే మార్గం ఇదే. కామెర్లు వస్తే పసరు పోయించి ఊరుకోక రక్తపరీక్ష చేయించండి. హెపటైటిస్ సి చాలామందికి కొన్ని నెలల మాత్రలతో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం క్రింద ప్రభుత్వాసుపత్రులలో ఈ పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్ బికి టీకా ఉంది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే తయారు చేసి దానిని చౌకగా అందించింది. బిడ్డ పుట్టిన 24 గంటలలోపు మొదటి మోతాదు వేయించండి.

పొలం బేరం పెట్టకముందు, ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం బల్ల దగ్గర ఈ చికిత్స వర్తిస్తుందేమో అడగండి. ప్రార్థించే ఇల్లు పరీక్షకు భయపడనక్కరలేదు. ఈ రెండూ ఒకదానికొకటి విరోధం కావు. మీ ఇంట్లో తాగుడు అలవాటున్న అన్నయ్యో, ఎప్పుడో కామెర్లు వచ్చిపోయిన వదినో ఉంటే, ఈ నెలలోనే ఒకసారి వారిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళి రండి.