దారులు రెండు... కల్వర్టు ఒక్కటే అయితే?

"సర్వరు పనిచేయడం లేదు, రేపు రండి." అడంగల్ నకలుకో, రేషను దుకాణంలో వేలిముద్ర వేయడానికో వెళ్లిన వారికి ఈ మాట కొత్త కాదు. ఆ పూట కూలి పోయినట్లే. దీనికి కారణాలు చాలా ఉంటాయి. ఊళ్లో కరెంటు పోవచ్చు, సిగ్నలు అందకపోవచ్చు. అవన్నీ బాగున్నా, ఎక్కడో దూరాన సర్వర్ల గదిలో జరిగే ఒక పొరపాటు కూడా పని ఆపేయగలదు. వాగు దాటి బడికీ సంతకూ పోయేవారికి అది తేలిగ్గానే అర్థమవుతుంది.

ఇప్పుడు ఒక్కో పనికి ఒక్కో యంత్రం పెట్టడం తగ్గిపోయింది. ఒకే పెద్ద యంత్రంలో సాఫ్టువేరు సాయంతో పదుల కొద్దీ సర్వర్లను నడుపుతున్నారు. ఒకే ఇంటిని వాటాలు వేసి అద్దెకిచ్చినట్లన్నమాట. వీటిని వర్చువల్ సర్వర్లు అంటారు. వీఎంవేర్ సంస్థ 2001లో తెచ్చిన ఈఎస్ఎక్స్, 2007లో లినక్సులో చేరిన కేవీఎం ఈ పని చేసేవే.

దస్త్రాలను మాత్రం చాలాచోట్ల ఆ యంత్రంలో ఉంచరు. విడిగా ఒక స్టోరేజి పెట్టెలో దాస్తారు. యంత్రం చెడితే అందులోని సర్వర్లను పక్క యంత్రంలో లేపుకోవచ్చని ఈ ఏర్పాటు. అయితే యంత్రానికీ పెట్టెకూ నడుమ దారి తెగితే, వాటాలన్నీ ఒక్కసారే ఆగుతాయి. అందుకే ఒకటికి మించి దారులు వేస్తారు. దీనినే మల్టీపాత్ అంటారు. యంత్రంలో రెండు కార్డులు, నడుమ రెండు స్విచ్చిలు, పెట్టెలో రెండు కంట్రోలర్లు ఉంటాయి. ఒక్కో స్విచ్చి నుంచి రెండు కంట్రోలర్లకూ తీగ వేస్తే మొత్తం నాలుగు దారులు.

ఒకే డిస్కు, నాలుగు పేర్లు

ఇక్కడే మొదటి చిక్కు. నాలుగు దారుల్లో కనబడే ఒకే డిస్కును యంత్రం నాలుగు డిస్కులనుకుంటుంది. ఒకే పొలానికి నాలుగు సర్వే నంబర్లు పడినట్లు! వేర్వేరు డిస్కులనుకుని ఎవరికి వారు రాసుకుంటూ పోతే దస్త్రాలు పాడవుతాయి. ప్రతి డిస్కుకూ మారని గుర్తింపు సంఖ్య ఒకటుంటుంది. మల్టీపాత్ సాఫ్టువేరు దానిని చదివి, నాలుగింటినీ ఒకే పేరు కిందికి తెస్తుంది. ఒక దారి తెగితే మరో దారిన పంపుతుంది. దారులన్నీ బాగుంటే వంతులవారీగానూ వాడుకోవచ్చు. వీఎంవేర్‌లో వంతుల పద్ధతి పెడితే, వేరే అంకె చెప్పనంతవరకు వెయ్యి రాతకోతలకొకసారి దారి మారుతుంది.

పైకి రెండు, లోపల ఒకటి

ఊరికి రెండు బాటలున్నా రెండూ ఒకే కల్వర్టు మీదుగా పోతే, వాగు పొంగిన నాడు రెండూ మూతపడతాయి. సర్వర్ల గదిలోనూ అంతే. రెండు తీగలనూ ఒకే స్విచ్చికి తగిలిస్తే అది పోయిన క్షణాన అంతా ఆగుతుంది. రెండు స్విచ్చిలున్నా ఒకే కరెంటు లైను మీద ఉంటే ఫలితం అదే.

కంటికి కనబడని కల్వర్టు మరొకటుంది. మామూలు నెట్‌వర్కు తీగల మీద స్టోరేజి నడిపే ఐస్కసీ పద్ధతిలో, లినక్సు యంత్రపు రెండు కార్డులకూ ఒకే నెట్‌వర్కు చిరునామాలు ఇచ్చి ఊరుకుంటే, రాకపోకలన్నీ ఒకే కార్డు మీదుగా పోయే ప్రమాదముంది. అందుకే ఒక్కో కార్డుకు ఒక్కో నెట్‌వర్కు, ఒక్కో స్విచ్చి కేటాయించడం మేలు.

తీగ పీకి చూస్తేనే నిజం

మల్టీపాత్‌లో ఉన్న మేలే ఒక కీడు కూడా. ఒక దారి తెగినా పని ఆగదు కనుక ఎవరికీ తెలియదు. నెలల తరబడి ఒంటి దారిన నడిచి, అదీ తెగిన రోజున గగ్గోలు మొదలవుతుంది. దారి తెగగానే కబురందే ఏర్పాటు ఉండాలి. రద్దీ లేని వేళ చూసి, ముందే చెప్పి, కావాలని ఒక తీగ పీకాలి. పని కొద్ది సెకన్లు తడబడి మళ్లీ సాగాలి. తీగ తిరిగి పెట్టాక, లినక్సులో అయితే 'మల్టీపాత్ -ఎల్ఎల్' అని కొట్టి, పోయిన దారులు తిరిగి వచ్చాయని చూసుకున్నాకే రెండో తీగ జోలికి పోవాలి.

వానాకాలానికి ముందే చెరువు తూము ఎత్తి చూసుకునే రైతుకు ఈ జాగ్రత్త కొత్తగా చెప్పనక్కరలేదు. ఈసారి "సర్వరు పనిచేయడం లేదు" అన్న మాట వినబడితే, రెండో దారి ఉందా, దానిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అని అడగడం పౌరుల హక్కు. జవాబు చెప్పడం అధికారుల బాధ్యత.