ఫోను యాప్‌ల నిర్మాణము: సహకార సంఘములు తెలిసికొనదగిన సంగతులు

గ్రామ వ్యవసాయ సహాయకుడు మన చేలగట్టుపై నిలిచి పంట నమోదు చేయుట ఫోనులోనే. ధాన్యము సొమ్ము ఖాతాలో పడినదని మనకు తెలియుటయు ఫోనులోనే. ఈ-పంటలో పేరెక్కని రైతు కొనుగోలు కేంద్రమున ధాన్యము అమ్మునపుడును, తుపాను నష్టమునకు సాయము కోరునపుడును ఎంత చిక్కుపడునో మన సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇట్టి పనులు చేయు యాప్‌లను ఏ పనిముట్లతో, ఏ పద్ధతిని తయారు చేయుదురో రైతు సోదరులు కొంత యెరిగియుండుట మంచిదని తలచి ఈ వ్యాసము ప్రకటించుచున్నాము.

దీనికి మరియొక కారణము కలదు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి ఎక్కించు పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్‌లో ఆమోదించెను. అప్పటి అంచనా 63,000 సంఘములు, 2,516 కోట్ల రూపాయలు. సంఘపు పుస్తకములు కంప్యూటరు కెక్కిన పిమ్మట, ఎరువుల నిల్వయు, అప్పు వాయిదాలును సభ్యుని ఫోనులో కనబడిన బాగుండునను కోరిక పుట్టుట సహజము. ఆ పని చేయగలవారు ఎక్కడో లేరు. మన యిండ్ల బిడ్డలనేకులు హైదరాబాదు, బెంగుళూరులలో ఈ వృత్తియందే యున్నారు.

ముందుగ పనిముట్ల మాట. ఆండ్రాయిడ్ ఫోనులకు యాప్ కట్టువారు ఆండ్రాయిడ్ స్టూడియో అను కార్యశాలను వాడుదురు. ఇది గూగులు వారిది, ఉచితముగ దొరకును. అందు వ్రాయు భాష ఒకప్పుడు జావా. 2019 నుండి గూగులు వారు కోట్లిన్‌నకు పెద్దపీట వేసిరి. ఐఫోనునకు ఆపిల్ వారి ఎక్స్‌కోడ్ అను కార్యశాలయు, స్విఫ్ట్ అను భాషయు వేరుగ కలవు. రెండింటికిని ఒకే వ్రాతతో పని జరుపుటకై ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ అను సాధనములు వచ్చినవి. గూగులు అంగడిలో యాప్ పెట్టువారు మొదట ఒక్కసారి 25 డాలర్లు చెల్లింపవలెను. ఆపిల్ వారికి ఏటేట 99 డాలర్లు. మన పల్లెలలో ఐఫోనులు బహు స్వల్పము గనుక చిన్న సంఘము ఆండ్రాయిడ్‌తో మొదలిడుట చాలునని మా అభిప్రాయము. ఈ మధ్య వ్రాత పనిని కొంతవరకు కృత్రిమ మేధయే చేసిపెట్టుచున్నది. అందువలన పని త్వరపడును గాని, మన లెక్కల తీరు దానికి తెలియదు; అది చెప్పవలసినవారు సంఘమువారే.

కార్యశాలలో ఎమ్యులేటర్ అని యొకటి యుండును. అది కంప్యూటరు తెరపై కనబడు బొమ్మఫోను. సిగ్నలు మందగించినట్లును, తెగిపోయినట్లును దానిలో నటింపజేయవచ్చును. పరీక్షకు ఇది మంచి సాధనమే. కాని మిట్టమధ్యాహ్నపు టెండలో తెర కనబడునో లేదో, తడిచేతితో నొక్కిన పలుకునో లేదో బొమ్మఫోను చెప్పజాలదు. సభ్యులలో మిక్కిలి పాతఫోను ఎవరిదో వెదకి, దానితో చేనిలోనే పరీక్షింపవలెను.

ఇక ముఖ్య విషయము సిగ్నలు. యాప్ కట్టువారిలో పలువురు నగరములలో కూర్చుండి, ఇంటర్నెట్టు ఎల్లప్పుడు నుండునను నమ్మకముతో పని చేయుదురు. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల నడుమనున్న మన లంకలలో ఆ నమ్మకము చెల్లదు. గాలివానకు కరెంటు పోయిన, కొంతసేపటికి టవరును మూగవోవును. 2022 మే 24న అమలాపురములో జరిగిన అల్లర్ల పిమ్మట కోనసీమలో మొబైలు ఇంటర్నెట్టును వారమునకు పైగా నిలిపివేసిరి. ఇంటినుండి కంపెనీ పనులు చేసికొను మన యువకులు సిగ్నలు కొరకు గోదావరి గట్లు పట్టి తిరుగవలసివచ్చెను. నేర్పరియైన నిర్మాత ఇట్టి దినములను ముందే తలపోసి యాప్ కట్టును.

అది ఎట్లన: కోటిపల్లి రేవున పంటు ఆవలి యొడ్డున నున్నదని మన సరకు ఏటిలో పారవేయము. ఒడ్డున వరుసగ పేర్చి, పంటు రాగానే ఎక్కింతుము. అట్లే రైతు వ్రాసినది మొదట ఫోనులోనే భద్రపడవలెను. సిగ్నలు దొరకినపుడు దానంతట అదియే సర్వరునకు పోవలెను. ఫోనులో భద్రపరచుటకు ఎస్‌క్యూలైట్ అను చిన్న లెక్కలపెట్టె ప్రతి ఆండ్రాయిడ్ ఫోనునందును ఉన్నది. రిచర్డ్ హిప్ అను అమెరికా దేశీయుడు 2000లో దీనిని వెలువరించి, ఎవరైనను ఉచితముగ వాడుకొనవచ్చునని విడిచిపెట్టెను. సిగ్నలు వచ్చినపుడు పంపు పనికి వర్క్‌మేనేజర్ అను సాధనము కలదు. ఫోను ఆపి మరల వెలిగించినను అది తన పని మరువదు.

ఇందొక చిక్కున్నది. సభ్యుడొకడు 5,000 రూపాయలు వాయిదా చెల్లించెననుకొందము. గుమాస్తా ఫోనులో వ్రాసెను, ఫోను పంపెను, సర్వరు అందుకొనెను. అందినదను తిరుగు కబురు వచ్చులోగా సిగ్నలు పోయెను. ఫోను తన కబురు చేరలేదనుకొని మరల పంపును. కట్టినది 5,000, జమయైనది 10,000! ఎరువుల బస్తాల ఖర్చు ఇట్లే రెండుసార్లు పడిన సభ్యుడు ఊరకుండునా? దీనికి విరుగుడు రసీదు పుస్తకములోనే యున్నది. ప్రతి పద్దునకు వ్రాయునపుడే, ఫోనులోనే, మరి దేనికిని రాని సంఖ్య యొకటి వేయవలెను. అదే సంఖ్య రెండవమారు వచ్చిన, సర్వరు ‘ఇది నాకు ముందే చేరినది’ అని ఊరకుండవలెను. పద్దు తప్పుపడినపుడు దానిని చెరిపి దిద్దుటయు కూడదు. మన చిట్టా, ఆవర్జాలలో వలె ఎదురు పద్దు వ్రాసి సరిచేయుటయే పద్ధతి. లేనియెడల ఆఫీసులో కార్యదర్శియు, చేనిలో గుమాస్తాయు ఒకే ఖాతాను దిద్దినపుడు, చివర వచ్చినది మొదటిదానిని మ్రింగివేయును.

నిర్మాత ఇవన్నియు చేసినాడో లేదో తెలియుటకు చదువక్కరలేదు. ఫోనును విమానపు మోడులో పెట్టి పది పద్దులు వ్రాయుడు. ఫోను ఆపి, వెలిగించి, సిగ్నలు ఇయ్యుడు. ఆఫీసులో పదియే కనబడవలెను. తొమ్మిది కాని, పదునొకండు కాని కనబడిన సొమ్ము చెల్లింపకుడు.

తెలుగు విషయమున కూడ కొంత జాగ్రత్త కావలెను. కంప్యూటరు అక్షరములకు యూనికోడ్ అను ప్రపంచ లెక్క యున్నది. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగునకు చోటు దొరకెను. అచ్చాఫీసులలో వాడు పాత ఫాంటులతో వ్రాసినది యాప్‌లో పెట్టిన పిచ్చిగీతలగును. యూనికోడ్‌లోనే యున్నను ఒత్తులు, గుణింతములు సరిగ పేర్చుట సులభము కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరపు ఒకానొక కూర్పు సందేశములో వచ్చిన, ఐఫోనులోని యాప్‌లు కుప్పకూలుచుండెను. ఆపిల్ వారు ఆ నెలలోనే సవరణ వెలువరించిరి. అంత పెద్ద సంస్థకే మన అక్షరము కొరకరాని కొయ్యయైనది. తెలుగు మాటలన్నిటిని వేరొక పత్రములో విడిగ నుంచుట మంచి నిర్మాతల పద్ధతి. అట్లున్నచో కంప్యూటరు రాని సభ్యుడును ఆ పత్రము చదివి, తప్పులు దిద్దగలడు.

భాషకంటె పెద్దది గడుల సంగతి. అంబాజీపేటలో కొబ్బరికాయల ధర వేయింటికి చెప్పుదురు. యాప్‌లో క్వింటాలు గడి మాత్రమే యున్న ఎవరి కుపయోగము? సర్వే నంబరు గడిలో అంకెలే పట్టునెడల 112/3ఎ ఎక్కడ వ్రాయవలెను? ‘రైతు పేరు’ అని ఒకే గడి పెట్టి, దానిని భూమి పుస్తకమునకు ముడివేసిన, కౌలుదారు మాయమగును. మన సీమలో వరిచేలు దున్నువారిలో కౌలుదారులే యెక్కువ. పంట సాగుదారుల హక్కుల చట్టము 2019లో వచ్చినది. కౌలుపత్రము చేతనున్నను యాప్‌లో దానికి చోటు లేకున్న ఆ రైతునకు అప్పును లేదు, సాయమును లేదు. భూయజమాని, సాగుదారు అని రెండు గడులు మొదటి దినముననే కోరవలెను. లెక్కలపెట్టె కట్టిన పిమ్మట గడి చేర్చుట, గోడ లేచిన పిమ్మట ద్వారబంధము పెట్టుట వంటిది.

చేను గుర్తించుటకు వాడు జీపీఎస్ ఉపగ్రహములనుండి వచ్చును గనుక దానికి మొబైలు సిగ్నలుతో పని లేదు. అయితే దట్టమైన కొబ్బరితోటలో మట్టల క్రింద నిలిచిన, చూపిన చోటు కొన్ని గజములు తప్పవచ్చును. తోట అంచున బయలుననే గుర్తు తీసికొనుట మేలు. తెల్లదోమ పట్టిన మట్ట ఫొటోను ఉన్నంత పెద్దదిగ పంపక, ఫోనులోనే కుదించి పంపునట్లు యాప్ చేయవలెను.

మోసముల మాట చెప్పక విడువరాదు. పీఎం కిసాన్ పేరిట వాట్సాప్‌లో దొంగ యాప్‌లు పంపి, ఫోనులోనికి వచ్చు రహస్య సంఖ్యలు కాజేసి, ఖాతాలు ఊడ్చుచున్నారు. సంఘపు యాప్ గూగులు అంగడినుండి మాత్రమే దింపుకొనవలెనని సభ్యులకు చాటింపవలెను. మోసపోయినవారు జాగుసేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆండ్రాయిడ్‌లో 2015 నుండి ఫొటోలు, పేర్ల పట్టిక మున్నగువానిని చూచుటకు యాప్ అనుమతి అడుగవలెనను నియమము వచ్చినది. ధరలు చూపు యాప్ మన ఫోనులోని పేర్ల పట్టిక నడిగిన, కాదని నొక్కుడు.

తుదకు ఒప్పందము. వ్రాసిన కోడ్ అంతయు, ఏ దినమున ఏది మార్చిరో తెలుపు గిట్ అను దస్తరముతో సహా, సంఘమునకే చెందవలెను. గూగులు అంగడిలోని ఖాతా సంఘపు పేరనే యుండవలెను. యాప్‌పై ముద్ర వేయు రహస్యపు తాళపుచెవి యొకటి యుండును; అది నిర్మాతయొద్దనే యుండి, ఆయన ఊరు విడిచిపోయిన, పాత యాప్‌ను సవరించుట మిక్కిలి కష్టమగును. మరియు గూగులు వారు ఏటేట క్రొత్త ఆండ్రాయిడ్‌నకు తగినట్లు యాప్‌ను సవరింపుమందురు. సవరింపనిది కొన్నాళ్ళకు క్రొత్త ఫోనులలో దొరకదు. కనుక కట్టించిన యేడు మాత్రమే గాక, తరువాతి యేండ్ల సవరణ ఖర్చు కూడ మహాసభలో బడ్జెటు పెట్టునపుడే చూపవలెను.