ఒకే యాస - ఎన్నో వేషాలు

సినిమా చూసి వచ్చాక మనమందరం హీరో గురించే మాట్లాడుకుంటాం. కానీ హీరోను హీరోగా నిలబెట్టేది అతని ఎదుట నిలబడే తండ్రి, మామ, పోలీసు, విలన్ పాత్రలే. ఇలాంటి పాత్రలు వేసేవారిని క్యారెక్టర్ ఆర్టిస్టులు అంటారు. ముఖం ఒకటే, మనిషి ఒకడే. అయినా ప్రతి సినిమాలోనూ వేరే మనిషి అని మనల్ని నమ్మించాలి. ఇది చిన్న పని కాదు.

ఇంగ్లండులో అలెక్ గిన్నిస్ అనే గొప్ప నటుడు ఉండేవారు. 1949లో వచ్చిన 'కైండ్ హార్ట్స్ అండ్ కోరోనెట్స్' చిత్రంలో ఒకే కుటుంబానికి చెందిన అనేక పాత్రలను, ఒక స్త్రీ పాత్రతో సహా, ఆయన ఒక్కరే పోషించారు. 1957 నాటి 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' చిత్రంలో శత్రువులకు చిక్కిన సైనికాధికారిగా నటించి ఆస్కార్ బహుమతి పొందారు. ఇలాంటి బహురూప నటుడి కోసం మనం అంత దూరం పోనక్కరలేదు. నంద్యాల నుండి ఆళ్లగడ్డ పోయే దారిలో ఉన్న శిరివెళ్లలోనే ఒకరు పుట్టారు. ఆయనే జయప్రకాశ్ రెడ్డి.

ఆయన తండ్రి పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరు. అందువల్ల ఆయన చదువు నెల్లూరు, అనంతపురం వంటి ఊళ్లలో సాగింది. పెద్దయ్యాక లెక్కల మాస్టారుగా పనిచేస్తూనే నాటకాలు వేసేవారు. నల్గొండలో ఆయన నాటకం చూసిన దర్శకులు దాసరి నారాయణరావు గారు మెచ్చుకుని, నిర్మాత రామానాయుడు గారికి పరిచయం చేశారు. అలా 1988లో 'బ్రహ్మపుత్రుడు' చిత్రంతో వెండితెరకు వచ్చారు. కానీ వెంటనే పేరు రాలేదు. మళ్లీ బడికి వెళ్లి పాఠాలు చెప్పుకున్నారు. 1997లో 'ప్రేమించుకుందాం రా' విడుదలైన తరువాతనే రాష్ట్రమంతా ఆయన్ను గుర్తుపట్టింది. అంటే తొలి సినిమాకూ పేరు తెచ్చిన సినిమాకూ నడుమ తొమ్మిదేళ్లు గడిచాయి.

ఆ సినిమాలోనూ, 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి'లోనూ ఆయన్ను చూస్తే భయం వేస్తుంది. 2008 నాటి 'రెడీ'లో అదే మనిషిని చూస్తే నవ్వు ఆగదు. అందులో కోట శ్రీనివాసరావు గారితో కలిసి మేనకోడలి ఆస్తి కోసం కొట్లాడుకునే అన్నదమ్ముల్లో ఒకరిగా నటించారు. అదే భారీ శరీరం, అదే గొంతు. మరి తేడా ఎక్కడుంది? విలన్ పాత్రలో అతను తరువాత ఏం చేస్తాడో మనకు తెలియదు, కాబట్టి భయపడతాం. హాస్య పాత్రలో హీరో ఆడుతున్న నాటకం మనకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆయన మాత్రం మునుపటి గాంభీర్యమే చూపిస్తారు. నవ్వించడానికి ప్రయత్నించరు, అందుకే నవ్వు వస్తుంది. నటన నేర్చుకునేవారు గమనించవలసిన విషయం ఇదే.

సినిమాలలో పేరు వచ్చినా ఆయన రంగస్థలాన్ని వదల్లేదు. 'అలెగ్జాండర్' అనే ఏకపాత్ర నాటకాన్ని వేదికపై ఒంటరిగా నడిపించారు. గుంటూరులో నెలనెలా నాటక ప్రదర్శనలు ఏర్పాటు చేసేవారు. 2020 సెప్టెంబరు 8న గుంటూరులోనే కన్నుమూశారు.

ఇక మనకు దగ్గరి విషయం ఒకటి చెప్పుకోవాలి. 'ఎక్కడ' అనడానికి 'యాడ' అని, 'ఉన్నావు' అనడానికి 'ఉండావు' అని, 'ఈరోజు'ను 'ఈ పొద్దు' అని మనం అంటాం. ఈ యాసను తెలుగువారందరికీ వినిపించిన నటుల్లో ఆయన ముందుంటారు. అయితే అదే కాలంలో 'నరసింహనాయుడు' (2001), 'ఆది', 'ఇంద్ర' (2002) వంటి ఫ్యాక్షన్ చిత్రాలు వరుసగా వచ్చాయి. దాంతో సీమ యాస అంటే కత్తులు, బాంబులు అనే ముద్ర పడింది. పై చదువులకు బయటి ఊళ్లకు పోయిన మన పిల్లలు నోరు తెరవగానే 'మీ ఊళ్లో బాంబులు చుడతారా?' అని ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఆ మాటలకు బెదిరి, తరగతిలో లేచి మాట్లాడటమే మానుకున్నవాళ్లూ ఉన్నారు.

తప్పు యాసది కాదు. ఆ యాసలో ఎలాంటి మనుషుల కథలు రాశారన్నదే అసలు ప్రశ్న. ఆళ్లగడ్డలో రాతికి ప్రాణం పోసే శిల్పులు మాట్లాడేది ఈ యాసే. నంద్యాల చేలల్లో వరినాట్లు వేసే మన తల్లులు మాట్లాడేదీ ఇదే. బడిలో లెక్కలు చెప్పే మాస్టర్లదీ ఇదే. శిరివెళ్ల నటుడు ఈ మాటతోనే భయపెట్టగలిగారు, నవ్వించగలిగారు. అంటే ఇది ఒక్క కోపానికే పనికొచ్చే భాష కాదని ఆయన వేషాలే రుజువు చేశాయి.

మిత్రులారా! మన హాస్టల్ వార్షికోత్సవాలలో నాటిక వేసేటప్పుడు అందరూ హీరో వేషమే కావాలంటారు. చిన్న వేషం వచ్చిందని చిన్నబుచ్చుకోకండి. ఆ మనిషి ఎలా నడుస్తాడో, ఎలా మాట్లాడతాడో ఊళ్లో గమనించి వేయండి. మన యాసలోనే ఒక డాక్టరమ్మను, ఒక కలెక్టరును, ఒక శిల్పిని వేదిక ఎక్కించండి. సినిమాలవాళ్లు రాయని కథలు మన దగ్గర చాలా ఉన్నాయి. వాటిని మనమే రాసుకోవాలి.