మీకు తెలుసా? – ఇంటికి తగిన కాంబినేషన్ పానా

ఒక కొనయందు తెరచిన నోరును, వేఱొక కొనయందు మూసిన వలయమును గలిగి, రెండువైపులను ఒకే కొలత నట్టును పట్టునట్టి కాంబినేషన్ పానాకు నోటిభాగము 15 డిగ్రీలు వంపుగా నుండుట అలంకారార్థము గాదు. ఇఱుకు స్థలమున నట్టును కొంత త్రిప్పి, పానాను బోర్లించి మరల తగిలించుచు పోయినచో, షడ్భుజాకారపు నట్టు 30 డిగ్రీల కదలికతోనే క్రమముగా ఊడివచ్చును. వలయమున పండ్రెండు కోణములున్నచో అదే 30 డిగ్రీలకు, ఆరు కోణములున్నచో 60 డిగ్రీలకు మరల పట్టు దొరకును. కాని మూలలరిగిన నట్టునకు ఆరు కోణములదే మేలు.

గృహోపయోగమునకై పెద్దపెట్టెడు పానాలు కొనుట వృథావ్యయమని నా నిశ్చితాభిప్రాయము. 8 మొదలు 19 మిల్లీమీటర్ల వఱకు గల వానిలో వాడుక కొలతలు, అందును ఎం6 బోల్టునకు సరిపడు 10, ఎం8 బోల్టునకు సరిపడు 13, మేలురకమువి కొనిన చాలును. (పంజాబులోని జలంధరు, లూధియానాలు చేతిపనిముట్ల తయారీకి ప్రసిద్ధములు, విదేశీముద్రకై అధికమూల్యము చెల్లింప నక్కఱలేదు.) క్రోమ్ వెనేడియం ఉక్కు అను ముద్రను చూచుట మంచిదే, అయినను క్రొత్త నట్టును దవడల నడుమ నుంచి కదపి చూచుట అంతకంటె ముఖ్యము, ఏలయన వదులుగా ఆడు పానా, ధర యెంత స్వల్పమైనను, నట్టు మూలలను అరగదీయును. బిగిసిన నట్టును తొలుత వలయముతో సడలించి, పిమ్మటనే నోటితో త్రిప్పవలెను.