వెల – విలువ

వెల, విలువ అను రెండు మాటలును ఒకే ధాతువునుండి పుట్టినవి. పుట్టుక ఒక్కటియే గాని నడవడి వేరు. నేటి నగరములలో ఇండ్ల ధరలు చూచినచో ఈ తోబుట్టువులు ఎంత దూరమైనవో తెలియగలదు.

2023 ఆగస్టులో హైదరాబాదు చెంతనున్న కోకాపేటలో జరిగిన వేలమున ఎకరము 100.75 కోట్ల రూపాయలు పలికినది. అచ్చట కొలువులున్నవి, విశాలమైన బాటలున్నవి, కాదనము. కాని నగరమున కోటి రూపాయల ఇంటికి ఏడాది అద్దె సాధారణముగా మూడు నాలుగు లక్షలు. అప్పు చేసి కొన్నవాడు తొలి ఏట కట్టు వడ్డీ అంతకు సుమారు రెట్టింపు. అద్దె నివాసపు విలువను చెప్పును. తక్కినది, రేపు మరియొకడు ఇంకను ఎక్కువ ఇచ్చునను ఆశకు కట్టిన వెల.

బొగ్గువలన పేరుగన్న మా ఇల్లందు ప్రాంతమున దీనికి ఎదురు ఉదాహరణము కలదు. ఇది ఏజెన్సీ నేల. జనులు ‘1/70’ అని పిలుచు 1970 నాటి చట్టము ప్రకారము ఇచ్చట గిరిజనేతరులకు భూమి అమ్మిన చెల్లదు. కోయ రైతు చెలకకు నగరపు అంగడిలో వెల లేదు. అయినను అది ఏటేట ఒక కుటుంబమునకు అన్నము పెట్టుచున్నది. దానికి విలువ లేదనగలమా?

వెల లేనిచోట విలువ ఉన్నట్లే, విలువను మించిన వెలయు ఉండును. గని కార్మికుని కుమారుడు నగరములో ఇల్లు కొనుటకు ఇరువదేండ్ల అప్పు తలకెత్తుకొనుచున్నాడు. అతడు ముందుగా అడుగవలసినది “రేపెంతకు అమ్ముడుపోవును?” అని కాదు, “ఇందులో నివసించుటకు నేడెంత తగును?” అని.