సీ లయన్‌ని చంపితే సాల్మన్ బతుకుతుందా?

సియాటెల్‌లో ఉండే మనవాళ్లు ఊరి నుంచి అమ్మానాన్న రాగానే తీసుకెళ్లే చోట్లలో బల్లార్డ్ లాక్స్ ఒకటి. టికెట్ లేదు. పడవలు లాకుల్లో పైకి లేవడం, కిందికి దిగడం చూడొచ్చు. పక్కనే నేల కింద గదిలో పెద్ద గాజు కిటికీలు, వాటి అవతల చేపల కోసం కట్టిన 21 మెట్ల నీటి నిచ్చెన. జులై, ఆగస్టుల్లో వెళ్తే సముద్రం నుంచి వచ్చిన సాల్మన్ చేపలు ప్రవాహానికి ఎదురీదుతూ కనిపిస్తాయి. గోదావరి జిల్లాల వాళ్లకి చూడగానే పులస గుర్తొస్తుంది. పుస్తెలమ్మైనా తినాలనే ఆ పులస కూడా ఇంతే కదా, సముద్రంలో పెరిగి వరద నీటికి నదిలోకి ఎదురెక్కి వస్తుంది.

ఈ బల్లార్డ్ దగ్గరే 1980ల్లో ఒక తగాదా మొదలైంది. నలభై ఏళ్లయినా తెగలేదు. తగాదా ఎవరికీ ఎవరికీ అంటే.. సీ లయన్‌కీ, చేపకీ. ఇద్దరికీ చట్టం అండ ఉంది. అదే చిక్కు.

హెర్షెల్ వచ్చాడు

చలికాలంలో స్టీల్‌హెడ్ అనే చేప ఈ లాకుల గుండా వాషింగ్టన్ సరస్సు వైపు వెళ్లేది. చేపలన్నీ ఒకే ఇరుకు దారి ముందు గుమిగూడతాయి. ఇది ఒక మగ సీ లయన్ కనిపెట్టింది. జనం దానికి హెర్షెల్ అని పేరు పెట్టారు. తర్వాత ఇంకొన్ని వచ్చాయి, అన్నిటినీ హెర్షెల్ అనే పిలిచారు. మొదట్లో అదో ముచ్చట. చేపలు ఏటేటా తగ్గిపోతుంటే ముచ్చట కాస్తా తలనొప్పి అయింది.

తరమడానికి అధికారులు చేయని పని లేదు. నీళ్లలో టపాకాయలు పేల్చారు. వాంతులు తెప్పించే మందు కూర్చిన చేపలు ఎరవేశారు. చెవులు గింగురుమనే శబ్దాలు పెట్టారు. కొన్నిటిని పట్టుకుని కాలిఫోర్నియా దాకా మోసుకెళ్లి వదిలితే, నెలా నెలన్నరలో ఈదుకుంటూ మళ్లీ అక్కడికే! 1996లో ఫైబర్‌గ్లాస్‌తో చేసిన ఓర్కా తిమింగలం బొమ్మని నీళ్లలో నిలబెట్టారు. దాని పేరు 'ఫేక్ విల్లీ'. మన పొలాల్లో దిష్టిబొమ్మని చూసి పిచ్చుకలు ఎంత భయపడతాయో, సీ లయన్లు కూడా అంతే భయపడ్డాయి.

చివరికి అదే ఏడాది బాగా ముదిరిన మూడింటిని ఫ్లోరిడాలోని సీ వరల్డ్‌కి పంపారు. అప్పటికే ఆలస్యమైంది. ఒకప్పుడు వేలల్లో వచ్చిన స్టీల్‌హెడ్ 1994 నాటికే వంద లోపుకి పడిపోయింది. ఆ తర్వాత మళ్లీ లేవలేదు.

చట్టం గెలిచింది, అందుకే గొడవ

సీ లయన్‌ని విలన్ చేసే ముందు ఒక మాట. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం వీటిని నూనె కోసం, తోలు కోసం, చేపలు తింటున్నాయన్న కోపంతో చంపారు. 1972లో అమెరికా సముద్ర క్షీరదాల రక్షణ చట్టం తెచ్చింది. 1975లో దాదాపు 89 వేలున్న కాలిఫోర్నియా సీ లయన్లు 2008కి 2.8 లక్షలు దాటాయి. వన్యప్రాణి చట్టాల్లో ఇంతకన్నా పెద్ద హిట్ అరుదు.

అదే కాలంలో సాల్మన్ కథ రివర్స్. కొలంబియా నదిలోకి ఒకప్పుడు ఏడాదికి కోటి నుంచి కోటీ అరవై లక్షల చేపలు వచ్చేవని అంచనా. ఇప్పుడు వచ్చేది అందులో చిన్న భాగం, అదీ చాలావరకు హేచరీల్లో పెంచి వదిలినవే. ఆనకట్టలు, అతి వేట, నరికేసిన అడవులు, వేడెక్కిన నీళ్లు.. కారణాల జాబితాలో సీ లయన్ ఎక్కడో చివర్న ఉంటుంది.

కానీ అది కెమెరాకి దొరుకుతుంది! బానవిల్ డ్యామ్ సముద్రానికి 235 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2000 తర్వాత అక్కడికీ సీ లయన్లు రావడం పెరిగింది. డ్యామ్ కింద నిచ్చెన మొదలు కోసం వెతుక్కుంటూ చేపలు తచ్చాడుతుంటాయి. సీ లయన్‌కి అది బఫే కౌంటర్. నోట్లో గిలగిల్లాడే సాల్మన్ ఫొటో ఎవరికైనా కోపం తెప్పిస్తుంది. టర్బైన్‌లో నలిగిపోయే పిల్ల చేపని ఎవరు ఫొటో తీస్తారు?

కోర్టు అడిగిన ప్రశ్న

1994లో చట్టానికి ఒక మినహాయింపు చేర్చారు. అంతరించే ముప్పున్న చేపల్ని తినే ఫలానా సీ లయన్ అని గుర్తుపడితే, దాన్ని చంపడానికి రాష్ట్రాలు అనుమతి అడగొచ్చు. 2008లో బానవిల్ దగ్గర ఆ అనుమతి వచ్చింది. జంతు ప్రేమికులు కోర్టుకెక్కారు. 2010లో అప్పీల్ కోర్టు ప్రభుత్వాన్ని సూటిగా ఒకటి అడిగింది: ఏడాదికి 4.2 శాతం మించని సీ లయన్ వాటా చేపలకి ప్రమాదమైతే, 17 శాతం దాకా పట్టుకోవచ్చని మనుషులకి మీరే ఎలా అనుమతిచ్చారు?

నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో ఇంతకన్నా మంచి ప్రశ్న కనిపించలేదు. అనుమతి రద్దయింది. ప్రభుత్వం కొత్త వివరణలతో మళ్లీ ఆర్డర్ ఇచ్చింది, 2013లో కోర్టు దాన్ని ఒప్పుకుంది.

అయితే రెండోవైపు వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ఆరెగాన్‌లో విల్లమెట్ జలపాతం సంగతే చూడండి. 2017 చలికాలంలో ఆ జలపాతం దాటిన స్టీల్‌హెడ్ కేవలం 512. సీ లయన్లు ఇలాగే ఉంటే వీటిలో కనీసం ఒక సంతతి తుడిచిపెట్టుకుపోయే అవకాశం 90 శాతమని రాష్ట్ర శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ముందు పట్టుకుని సముద్ర తీరంలో వదిలారు. కొద్ది రోజుల్లోనే తిరిగొచ్చాయి. 2019లో 33 సీ లయన్లని పట్టి, మత్తిచ్చి చంపారు. తర్వాతి ఏళ్లలో స్టీల్‌హెడ్ మళ్లీ వేలల్లోకి వచ్చింది.

అక్కడ పనిచేసింది ఎందుకు? ఈ అలవాటు అన్నిటికీ ఉండదు, నేర్చుకున్న కొన్ని మగవాటికే ఉంటుంది. ఒకదాన్ని చూసి ఇంకొకటి నేర్చుకుంటుంది. జబ్బు పాకినట్టే ఇదీ పాకుతుందని 2016లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కలతో చూపించింది. నేర్చినవి కొన్నే ఉన్నప్పుడు అడ్డుకుంటే తక్కువ ప్రాణాలు పోతాయి. ఆలస్యం చేస్తే ఎక్కువ చంపాలి, ఫలితం తక్కువ. బానవిల్‌లో జరిగింది ఆ రెండోదే. 2018 డిసెంబర్‌లో చట్టాన్ని ఇంకా సడలించారు. 2020లో వచ్చిన అనుమతి ఐదేళ్లలో 540 కాలిఫోర్నియా సీ లయన్లు, 176 స్టెల్లర్ సీ లయన్ల వరకు.

ఈ అనుమతి కోరినవాళ్లలో నది ఒడ్డు ఆదివాసీ తెగలు కూడా ఉన్నాయి. వాళ్లని సీ లయన్ల శత్రువులు అనేస్తే అన్యాయం. యాకమా, ఉమటిలా, వార్మ్ స్ప్రింగ్స్, నెజ్ పెర్స్ తెగలు 1855 ఒప్పందాల్లో లక్షల ఎకరాలు వదులుకుని, చేపలు పట్టే హక్కు ఉంచుకున్నాయి. వేల ఏళ్లుగా వాళ్లు చేపలు పట్టిన సెలైలో జలపాతం 1957లో డ్యామ్ నీళ్లలో మునిగిపోయింది. చేపే రాకపోతే ఆ హక్కు కాగితం మీద ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

తినడానికి ఇంకొకరున్నారు

సియాటెల్ పక్క సముద్రంలో ఉండే 'సదర్న్ రెసిడెంట్' ఓర్కాలు డెబ్బై చిల్లరే మిగిలాయి. వాటి ప్రధాన ఆహారం చినూక్ సాల్మన్. 2018లో తహ్లెక్వా అనే తల్లి ఓర్కా చనిపోయిన బిడ్డని 17 రోజులు మోస్తూ తిరగడం వీడియోల్లో మీలో చాలామంది చూసే ఉంటారు. అంటే రక్షణ ఉన్న సీ లయన్ తినే చేప రక్షణ ఉన్న ఓర్కాకీ కావాలి. 'సీల్స్‌ని, సీ లయన్లని చంపి ఓర్కాలని కాపాడదాం' అనే డిమాండ్ అలా పుట్టింది. పైగా ఆ సీల్స్‌ని, సీ లయన్లని తినే ఇంకో రకం ఓర్కాలు అదే నీళ్లలో తిరుగుతున్నాయి! ఎవరిని తగ్గిస్తే ఎవరు పెరుగుతారో చెప్పడం అనుకున్నంత తేలిక కాదు.

క్లామత్ నది మీద మాత్రం వేరే ప్రయోగం జరిగింది. నాలుగు డ్యామ్‌లని 2024 నాటికి పడగొట్టారు. ఆ అక్టోబర్‌లోనే సాల్మన్ వందేళ్లుగా చేరలేని చోటికి చేరింది. ఆ నది ముఖద్వారం దగ్గరా సీ లయన్లు ఉన్నాయి. కానీ పైన ఆగి తచ్చాడాల్సిన గోడ లేదు.

బల్లార్డ్ లాక్స్‌కి వెళ్లేవాళ్లు జులై నుంచి సెప్టెంబర్ మధ్య ప్లాన్ చేసుకోండి, కిటికీల దగ్గర చేపలు దొరుకుతాయి. ఫిబ్రవరి, మార్చిలో వెళ్తే గాజు అవతల నీళ్లు, బుడగలే. స్టీల్‌హెడ్ వచ్చే నెలలు అవి.